సత్యవతి రికార్డింగులు

"మళ్ళీ మూడు చెడిపోయినాయి," అన్నాడు హేమనాథ్, తెర మీది ఎర్ర గీతలు చూపిస్తూ.

తిరుత్తణిలోని ఆ చిన్న రేడియో కేంద్రంలో సర్వర్ డిస్కు పోయేలా ఉంది. అందులోని రికార్డింగులు కొత్త డిస్కులోకి మార్చమని మూడు రోజుల కిందట హేమనాథ్‌ను పిలిపించారు. వాటిలో రెండు వందల పన్నెండు సత్యవతివి. చుట్టుపక్కల పల్లెల తెలుగువాళ్ళ కోసం పదకొండేళ్ళు పొద్దుటి కార్యక్రమం చెప్పింది. ఆమె హేమనాథ్ భార్య. రోజూ తోడుగా రైలెక్కి వచ్చి, ఆమె మాట్లాడుతున్నంతసేపూ అద్దం ఇవతల కూర్చుని చూసేవాడు. ఆమె పోయి రెండేళ్ళు. మణవాళనగర్ ఇంట్లో ఇప్పుడు ఒక్కడే వండుకుంటాడు, ఒక్కడే తింటాడు.

కాపీ అయిన ప్రతి ఫైలుకూ ఒక సంఖ్య వస్తుంది. అది పాత ఫైలు సంఖ్యతో కలిస్తేనే కాపీ బాగున్నట్టు. నిన్న ఐదు కలవలేదు. ఇవాళ నిన్నటివి చెరిపి మొత్తం మళ్ళీ ఎక్కిస్తే ఆ ఐదూ కలిశాయి, వేరే మూడు తప్పాయి.

కార్యక్రమాలు చూసే గోపాలన్ బల్ల చుట్టూ తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పాత డిస్కు టిక్కుటిక్కుమంటా ఉండాది అన్నా. ఇంకా తిప్పితే మొత్తం పోతాది. ఆ మూడూ వదిలెయ్."

హేమనాథ్ డిస్కు మీద అరచెయ్యి ఆనించాడు. నిజమే, అదురుతోంది.

"ఆ మూడూ ఆమెవే గోపాలా."

"పాతవి ఎవురు వింటారన్నా ఇప్పుడు?"

హేమనాథ్ తెర వైపు తిరిగాడు. కేబుల్ నిన్ననే మార్చాడు. ప్రతిసారీ వేరే ఫైలు చెడుతోందంటే తప్పు రెండు డిస్కుల్లోనూ లేదు, నడుమ ఎక్కడో ఉంది. సర్వర్ ఆపి, మూత తీసి, ఫైళ్ళు దాటి వెళ్ళే రెండు మెమరీ ముక్కల్లో ఒకదాన్ని లాగేశాడు. కాపీ మళ్ళీ మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం రెండింటికి తెరంతా పచ్చబడింది. ఒక్కటీ తప్పలేదు. ఆ తర్వాత పాత డిస్కు మళ్ళీ తెరుచుకోలేదు.

హేమనాథ్ బల్ల మీది హెడ్‌ఫోన్లు తీసి గోపాలన్‌కు అందించాడు. "ఆఖరిది పెట్టినా. విని చెప్పప్పా."

గోపాలన్ చాలాసేపు విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"యెట్టుంది?"

"గరగర లేదన్నా. బాగుండాది. వాన గురించి చెప్తా, నడుమ నవ్వింది."

"నవ్వు యెట్టుంది?"

గోపాలన్ ఆలోచించాడు. "కాసేపు ఆపుకొని, అప్పురం ఒక్కసారిగా వదిలేసినట్టుంది. గొంతు కొంచెం బొంగురు. పక్కన కూర్చోని మనకే చెప్తా ఉన్నట్టుంటాది."

హేమనాథ్ అతని పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

"ఇంకా చెప్పు," అన్నాడు.

తొమ్మిదో ఏట జ్వరంలో చెవులు పోయిన అతడు భార్య గొంతు ఎన్నడూ వినలేదు.