నాలుగో షాపు

నాలుగో షాపులోనూ నాన్న ఎలక్ట్రిక్ సైకిల్ పక్కన గొంతుకూర్చున్నాడు. పెడల్ తిప్పాడు. చక్రం చువ్వలు మీటి చెవి పెట్టాడు. వెనక చక్రం మధ్యలో ఉన్న మోటారును గోటితో తట్టి చూశాడు.

"ఇదీ వద్దు తల్లీ."

కూతురికి ఒళ్లు మండింది. రోజుకు పన్నెండు ఇళ్లు తిరిగి, మంచం పట్టినవాళ్లకు కట్లు మార్చే నర్సు ఆమె. ఎత్తు రోడ్ల మీద పాత సైకిల్ తొక్కి తొక్కి మోకాళ్లు వాచిపోయాయి. వారానికి దొరికే ఒక్క సెలవూ ఇలా తగలడిపోతోంది.

"ఒకటి బరువన్నావు, ఒకదానికి బ్రేకులు బాలేవన్నావు. ఇందాకటిదైతే రంగు నచ్చలేదట! నలభై ఏళ్లు సైకిళ్లు బాగుచేసినవాడివి, నీకు తెలుస్తుందని తీసుకొచ్చాను చూడు, నాదే బుద్ధి తక్కువ. ఇంతకీ దీనికేం రోగం నాన్నా?"

"రోగమా? బంగారంలాంటి బండి."

"మరి?"

నాన్న లేచి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అన్నీ వైర్లే, సీలు వేసిన డబ్బాలే. ఎక్కడ విప్పాలో కూడా నాకు తెలియడం లేదు. నాలుగు షాపుల్లోనూ అంతే. రేపు ఇది దారిలో ఆగిపోయి నువ్వు ఫోన్ చేస్తే, నేనొచ్చి ఏం చెయ్యను?"

ఆమె సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది. సేల్స్‌మన్ వైపు తిరిగింది.

"ఇదే తీసుకుంటాం. ముందు మీ మెకానిక్‌ను పిలవండి. దీన్నెలా విప్పాలో మా నాన్నకు చూపించాలి."