లింగవ్వ దాటిన లోయ

“గిది కరుస్తదా, భాయ్?”

గుర్రానికి కాస్త దూరంలోనే ఆగిపోయి అడిగింది లింగవ్వ.

“పెండ్లి గుర్రమమ్మా ఇది. బ్యాండుల నడుమ, పటాకల నడుమ నిలవడ్డది. మిమ్ములనేం జేస్తది?” కళ్లెం సవరిస్తూ నవ్వాడు ముక్తార్. గుర్రాల మీద గుట్ట ఎక్కించడం, పైనుంచి ఇనుప తాడు మీద లోయ దాటించడం అతని పని.

“తన్నదా?”

“తన్నదు.”

“ఎనకకు మర్రి ఉరుకదా?”

“అవ్వా, నువ్వు ఎక్కుతవా, గుర్రాన్నే ఇంటికి తోలుకొని పోదామా?” కూతురు రోజారాణి విసుక్కుంది.

ఆమె కోపం గుర్రం మీద కాదు. ఆ రోజు హైదరాబాదులో తెలంగాణ మార్చ్. కాలేజీలో తనతో చదివే వాళ్లంతా ముందు రోజే వెళ్లిపోయారు. సిద్దిపేట నుంచి పట్నం పోయే రోడ్డు మీద పోలీసులు బస్సులాపి, పిల్లల్ని దింపి ఠాణాలకు తోలుతున్నారని టీవీలో చూసి, లింగవ్వ కూతురి చెప్పులు దాచిపెట్టింది.

“రేపు రాష్ట్రమొచ్చినంక నా పిల్లలు అడుగుతరు, ఆ దినం నువ్వేడున్నవని. మా అవ్వ చెప్పులు దాచిందని చెప్పాల్నా?” అని రాత్రి ఏడ్చింది రోజారాణి.

లింగవ్వ తెల్లవారాక చెప్పులు తెచ్చి ముందు పెట్టి, గుట్టల్లోకి షికారు పోదామంది. రాకపోతే మంచినీళ్లు కూడా ముట్టనంది.

“నువ్వు గూడ దీక్ష పట్టినవా?” అని గొణుక్కుంటూనే రోజారాణి బయలుదేరింది.

గుర్రాలు గుట్ట ఎక్కసాగాయి. వానలు కడిగి పోయిన అడవి. టేకు చెట్ల నెత్తి మీద తెల్లటి పూత, కింద పొదల నిండా తంగేడు. ఎక్కడో నెమలి అరిస్తే గుట్టంతా బదులు పలికింది. లింగవ్వ ఇవేవీ చూడలేదు. గుర్రం మెడ వాటేసుకొని, కళ్లు మూసుకొని, ప్రశ్నలు మాత్రం ఆపలేదు.

“పాములుంటయా, భాయ్?”

“మనల్ని జూసి అవే పోతయి.”

“అవతల మనుషులుంటరా? తొవ్వ ఉంటదా, అడవిల్నే కూసుంటమా?”

“ఊరే ఉన్నదమ్మా. ఊరి పొంటి డాంబర్ రోడ్డు. మళ్ల జీపుల తెచ్చి గీడనే దింపుత.”

“జీపుకు బిరుకులు మంచిగున్నయా?”

కోపంలోనూ రోజారాణికి నవ్వొచ్చింది.

పైకి చేరాక ఆమె గుర్రం దిగి అంచు దాకా నడిచింది. కాళ్ల కింద లోయ. లోయ నిండా మంచు పాల పొంగులా కదులుతోంది. మంచు చిరిగిన చోటల్లా పచ్చని చెట్లు, చెరువుల మెరుపు, అవతల ఎర్రని చెలకలు. ఏ నేల కోసం గొంతు బొంగురు పోయేలా అరిచిందో ఆ నేలను ఇంత ఎత్తు నుంచి ఆమె ఎన్నడూ చూడలేదు. ఇదంతా మాదేనా అనుకుంది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

ముక్తార్ రోజారాణి నడుముకు పట్టీలు కడుతుంటే లింగవ్వ అడ్డం వచ్చింది.

“నేను ముందుగాల పోత.”

“మిద్దె మెట్లెక్కితెనే నీకు కండ్లు తిరుగుతయి గదవ్వా!”

“గందుకే. తెగితే నాతోనే తెగాలె.”

చీర గోచి బిగించి, పట్టీలు కట్టించుకొని, “మల్లన్నా!” అని ఒక్క కేక వేసి తాడు మీద జారింది. ఆ కేక లోయ పొడవునా సాగి మంచులో కరిగిపోయింది. అవతల దిగేవాళ్లను అందుకొనే కల్లుగీత ముత్తయ్య ఆమెను పట్టుకొని చెయ్యి ఊపేదాకా రోజారాణి ఊపిరి తీసుకోలేదు.

తర్వాత తను. గాలి, మంచు, ఆకాశం. కింద ఒక కొంగల బారు తనకంటే తక్కువ ఎత్తున ఎగురుతోంది. భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు. కళ్ల వెంట నీళ్లు మాత్రం కారుతున్నాయి.

ముత్తయ్య పట్టీలు విప్పగానే తల్లి దగ్గరికి పరుగెత్తింది. లింగవ్వ ఒక బండకు ఆనుకొని కూర్చుంది. పెదవులు తెల్లబడ్డాయి.

“ఇగ ఇంటికి పోదాం తియ్యవ్వా. జీపు పిలుస్త. నీ పానం బాగలేదు,” అంది రోజారాణి. ఆమె గొంతులో కోపం లేదు.

లింగవ్వ తల అడ్డంగా ఊపింది. బండ పట్టుకొని లేచి, దిగువన పట్నం దిక్కు ఖాళీగా మెరుస్తున్న రోడ్డు వైపు చెయ్యి చాపింది.

“పోలీసులంత అవతల్నే ఉండిపోయిన్రు, నడు బిడ్డా మార్చ్‌కు!”