పెరటి వసారాలో చాప

"ఇది పొద్దుటి కూరేగా?" అన్నాడు గౌరీశంకరం, విస్తట్లో పడ్డ అరటికాయ ముక్కని వేలితో పక్కకి తోసి.

"కాదండీ. పొద్దున్న చేసింది పులుసుపెట్టిన కూర. ఇది ఇప్పుడే వేయించేను," అంది జానకమ్మ.

"కాయ అదేగా!"

పక్క పీట మీద ఉన్న మరిది మూర్తి నవ్వేడు. "నాకా గొడవే లేదొదినా. ఎలా చేసినా అరటికాయ తినను. నాలుగు వడియాలు వేయించి పడెయ్యి."

జానకమ్మ మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కొబ్బరి డొక్కలు పచ్చివి కాబోలు, పొగ తప్ప మంట లేదు. యుద్ధం వచ్చి కిరసనాయిలు కరువయ్యేక వంటింట్లో ఆముదం దీపమే. ఊదగా ఊదగా పొయ్యి అంటుకుంది. నూనె కాగిన వాసన గుప్పుమనేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వడియాలు మూకుట్లో వేసింది.

"అమ్మా, చారులో కరివేపాకుంది," అని కూతురు బుల్లి రాగం తీసింది.

"తీసేసి తినవే."

"వాసన పోదుగా!"

అత్తగారు కామేశ్వరమ్మగారికి, మామగారు పోయినప్పటినుంచీ, రాత్రి అన్నం లేదు. ఆవిడకి వేరే ఉప్పుడుపిండి. ఒక ముద్ద నోట్లో వేసుకుని కోడలి వైపు చూసింది. "ఇది ఉప్పుడుపిండా, జావా? ఎసరు చూసుకోవద్దుటే?"

"రేపు తగ్గిస్తానండి, అత్తయ్యగారూ."

పగలు ఆకలి మీద ఏది పెట్టినా తినేసి ఎవరి పనిమీద వాళ్ళు పోతారు. రాత్రి ఎవరికీ అంత ఆకలి ఉండదు, అందరికీ రుచులుంటాయి. ఒకరికి వేడిగా కావాలి, ఒకరికి కరకరలాడుతూ కావాలి, ఒకరికి ఏదీ అక్కరలేదు. అందరూ లేచేక జానకమ్మ మజ్జిగ తాగి, తనకి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసింది.

గోడ పట్టుకుని లేస్తున్న కోడల్ని చూసి కామేశ్వరమ్మగారు నిట్టూర్చింది. "ఏవిటే ఆ ఈడుపు? రెండు గిన్నెలు దింపితే నడుం పడిపోతుందా? నేను నా అన్ని కాన్పులకీ వంటింట్లోంచే పురిటిగదిలోకి వెళ్ళేను. మూర్తి పుట్టేరోజున నొప్పులు పడుతూ చారుకి తిరగమోత పెట్టి మరీ వెళ్ళేను."

"విన్నానండి," అంది జానకమ్మ. ఎన్నోసార్లు విన్నది.

పుట్టింటికి పోదామన్నా, కపిలేశ్వరపురంలో తల్లి లేదు. వదినగారి సంసారంలోకి వెళ్తే అక్కడా పొయ్యి ముందే. ఈ ఇంట్లో జ్వరమంటే మిరియాల కషాయం తాగి వంటకి రమ్మంటారు. నడుం నొప్పంటే నవ్వుతారు. ఒక్క పెరటి వసారా మాత్రం ఉంది. నెలకి మూడు రోజులు అక్కడ చాప పరుచుకుని కూర్చుంటే, గడప దాటి లోపలికి రమ్మనే ధైర్యం ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున్నే కామేశ్వరమ్మగారు బట్టల మూట కట్టుకుంటోంది. ముక్తేశ్వరంలో చెల్లెలి ఇంటికి ప్రయాణం. బండి గుమ్మంలో ఉంది.

గౌరీశంకరం బడికి పోతూ వంటింట్లోకి కేకేసేడు. "ఇవాళ రాత్రి మా హెడ్మాస్టారు భోజనానికొస్తున్నారు. పనసపొట్టు కూర చెయ్యి. ఆవ ఘాటుగా ఉండాలి, లేకపోతే ఆయన ముట్టరు. వింటున్నావా?"

జవాబు పెరట్లోంచి వచ్చింది. "అత్తయ్యగారూ, ఒకసారి ఇటు రండి."

కామేశ్వరమ్మగారు వెళ్ళి చూస్తే కోడలు వసారా కింద, గడపకి దూరంగా నిలబడి ఉంది.

"నేను దూరం ఉన్నానండి," అంది తల వంచుకుని.

ఆవిడ చేతిలో మూట అలాగే ఉండిపోయింది. "ఇవాళేనా? బండి కట్టేక!"

"ఏం చెయ్యనండీ?"

"హెడ్మాస్టారికేం చెప్పను?" అన్నాడు గౌరీశంకరం వెనకనించి.

"ఏం చెప్తావురా! నేను మడి కట్టుకుని చేస్తాను, నా ఖర్మ. ముందా బండి వాణ్ణి పొమ్మను."

బండి పోయింది. ఆవిడ చాప తెచ్చి దూరంనించి విసిరింది. "మనవడు పుడితే నా చేత్తో ఉయ్యాల కడదామనుకున్నాను. నెలనెలా ఈ చాప వెయ్యడమే అయింది నా బతుక్కి."

జానకమ్మ చాప పరుచుకుంది.

పొద్దంతా పడుకుంది. దీపాలు పెట్టే వేళకి లోపల పీటలు వాల్చిన చప్పుడు, హెడ్మాస్టారి నవ్వు వినిపించేయి.

"నాన్నమ్మా, కరివేపాకు!" అంది బుల్లి.

"నోరు మూసుకుని తిను."

బుల్లి తిన్నది. మూర్తి పనసపొట్టు తిన్నాడు, మారు కూడా అడిగేడు. చారు చల్లారిపోయిందని గౌరీశంకరం అనలేదు. అమ్మ వంటకి వంక పెట్టే మగాడు ఆ ఇంట్లో పుట్టలేదు.

చివరికి కామేశ్వరమ్మగారు చెమట కారుతూ వచ్చి, గడప ఇవతల విస్తరి పెట్టి వెనక్కి జరిగింది. "తిను. ఈ నెలా ఇంతే అయింది. పై నెలైనా ఆ భగవంతుడు కళ్ళు తెరుస్తాడో, లేదో."

"పై నెల మాట ఇప్పుడెందుకండీ," అంది జానకమ్మ.

వేడన్నం. ఎవరో వండి, ఎవరో వడ్డించింది. మెతుకు మిగల్చకుండా తిని, విస్తరి పారేసి వచ్చి ఒత్తిగిలి పడుకుంది. లోపల అత్తగారు గిన్నెలు సర్దుతోంది. ఆ చప్పుడు వింటూనే కళ్ళు మూసుకుంది.

జానకమ్మకి అప్పటికి మూడో నెల.