పొడుగు పిడి పానా

తనకి తెలియకుండా చిన్నల్లుడు తుమ్మనైనా తుమ్మడని పెద్దల్లుడు వీధి వీధంతా చెప్పుకునేవాడు.

ఆ గొప్ప మంగళవారం పొద్దున పదిన్నర దాకా నిలబడింది. పదిన్నరకి, మేకుకి వేలాడుతున్న చిన్నల్లుడి చొక్కా జేబులో ఒక చీటీ దొరికింది. తోడల్లుడి జేబులో ఈయన చెయ్యెందుకుందన్నది వేరే సంగతి.

లారీలు బాగుచేసే ఆ షెడ్డు వాళ్ళ మామగారిది. పోతూ పోతూ ఇద్దరల్లుళ్ళ చేతుల్లో పెట్టి పోయాడు. పదకొండేళ్ళుగా బుర్ర పెద్దల్లుడిది, బలం చిన్నల్లుడిది. ఇంజను దగ్గు విని రోగం చెప్పడం పెద్దాయన వంతు. బిగుసుకుపోయిన నట్లు చిన్నవాడి వంతు. అతను దగ్గరికొస్తున్నాడని తెలిస్తే సగం నట్లు వాటంతటవే వదులయ్యేవి. ఒకసారి అతనితో చెయ్యి కలిపిన పాపానికి బ్యాంకు మేనేజరు వారం రోజులు ఎడంచేత్తో సంతకాలు పెట్టాడు.

చీటీలో ఇలా ఉంది: రెండడుగుల పిడి పానా ఒకటి, మూడడుగులది ఒకటి, పైపు రెంచి, సాకెట్ల పెట్టె, సుత్తులు రెండు, పట్టకారు.

అన్నీ షెడ్డులో ఉన్నవే. ఉన్నవే మళ్ళీ కొంటున్నాడంటే వేరే షెడ్డు పెడుతున్నాడనే. ఈ సంగతి పెద్దల్లుడికి తట్టినంత తొందరగా లోకంలో ఇంకెవరికీ తట్టదు.

గుండె కింద ఎవరో జాకీ పెట్టి ఎత్తినట్టయింది.

కాసేపటికి చిన్నల్లుడు చేతులు తుడుచుకుని చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"ఇక్కడికే అన్నయ్యా. చిన్న పని."

"ఎంత చిన్నది?"

"ఏదోలే, చిన్నదే."

మూడడుగుల పానాని చిన్నదంటున్నాడు.

పనిముట్ల కొట్టు రెండు వీధుల అవతల. పెద్దల్లుడు వెనకాలే వెళ్ళి, చూరు నుంచి వేలాడుతున్న గొలుసుల చాటున నిలబడ్డాడు. గొలుసులు సన్నం, ఆయన లావు. అయినా తను కనబడటం లేదనే ఆయన గట్టి నమ్మకం.

చిన్నల్లుడు పానాలు ఏరుతున్నాడు. ఒకదానితో ఒకటి తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. పగులుంటే మోత చచ్చినట్టు వస్తుంది. ఆ విద్య పెద్దల్లుడు నేర్పిందే. జేబులోంచి ఒక బోల్టు తీసి పానా నోట్లో పెట్టి, ఆడుతోందేమో చూస్తున్నాడు. అదీ ఈయన నేర్పిందే. సుత్తి పిడి ఎత్తి కర్రలో చార నిలువుగా ఉందో అడ్డంగా ఉందో చూసినప్పుడైతే పెద్దల్లుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన కత్తితోనే తన గొంతు కోస్తున్నాడు, అదీ తను చెప్పినట్టే సానపెట్టి మరీ.

"పొట్టి పిడివి చవకండీ," అన్నాడు కొట్టాయన. "మీ చేతికి అవి చాలు."

"వద్దు, పొడుగువే ఇవ్వండి."

"ఇన్ని తీసుకుంటున్నారు, కొత్త షెడ్డా?"

"అవునండీ. కొత్త షెడ్డుకే."

గొలుసులు గలగలలాడాయి.

"ఏమయ్యా," అంటూ ఊడిపడ్డాడు పెద్దల్లుడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను. లెక్కపెట్టినవి ఊడదీసుకుపోవడానికి పానాలు కొనేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

"వచ్చావా అన్నయ్యా. అక్కడ ఉక్కగా ఉంటుంది, ఎప్పుడు బయటికొస్తావా అని చూస్తున్నా."

"మాట మార్చకు. మామగారి షెడ్డుని రెండు ముక్కలు చేసేముందు నాకొక్క మాట చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? పదకొండేళ్ళు ఒకే గిన్నెలో అన్నం తిన్నాం. పక్కనే ఉంటూ, నవ్వుతూ, చాటుగా వేరు కుంపటి పెట్టేవాణ్ణి మనిషంటారా అసలు?"

"ఏమో అన్నయ్యా. నేనైతే మనిషనే అంటున్నా."

"అంటావు, ఎందుకనవు."

చిన్నల్లుడు మూడడుగుల పానా తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది పట్టుకుని చూడు."

"నాకెందుకు?"

"నీ కుడి చెయ్యి భుజం దాటి లేవదుగా. పిడి పొడుగుంటే సగం బలం చాలు. పక్కన నేను లేకపోయినా నట్టు కదలాలి."

"నీ కొత్త షెడ్డుకి నా భుజంతో పనేంటయ్యా?"

"నాకు కొత్త షెడ్డెక్కడిదన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు మెల్లగా. "మొన్న నువ్వు లేనప్పుడు బోర్డులు రాసేవాడు నీకోసం వచ్చాడు, కొత్త షెడ్డుకి ఏం పేరు రాయాలో అడగడానికి."

కొట్టాయన ఉన్నట్టుండి ఫ్యాను రెక్కల్ని పరిశీలించడంలో మునిగిపోయాడు.

పెద్దల్లుడు నోరు తెరిచాడు. వరసగా మూడు అబద్ధాలు నాలిక చివరిదాకా వచ్చి, చిన్నల్లుడి మొహం చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాయి.

"కొత్త షెడ్డు తాళాలు కిందటి శుక్రవారమే తీసుకున్నాను," అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ, "నీతో చెప్పడానికి నోరు రాక, నీలోనే ఏదైనా తప్పు దొరికితే ఆ వంకన విడిపోవచ్చని నీ జేబు వెతికాను."