వెనక సీటు

ఆ రోజు ఇంట్లో నాన్న, నాయనమ్మ, నేను, కొత్త కార్లు నడిపి చూసి పత్రికలో మంచిచెడ్డలు రాసే బాబాయి ఉన్నాం. నాయనమ్మకు మోకాళ్ల నొప్పులని కారు కొంటానన్నాడు నాన్న. బాబాయి తెచ్చిన కారులో అందరం ఒక చుట్టు తిరిగి వచ్చాం.

“పందెం గుర్రంలా దూకింది కదా అన్నయ్యా!”

“ఇదే కొందాంరా. అమ్మకు హాయి.”

వెనక నా పక్కన ఇరుక్కున్న నాయనమ్మ కేక వేసింది. “హాయి సంగతి తర్వాత, ముందు నన్ను బయటికి లాగండ్రా!”

ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగారు.

“బాబాయ్, వెనక సీటు ఇరుకని రాస్తావా?” మెల్లగా అడిగాను.

“కొనేవాళ్లు వెనక కూర్చోరు తల్లీ!”

నాయనమ్మ నాన్న వైపు తిరిగింది. “మరి నా మోకాళ్ల పేరెందుకు చెప్పావురా?”

“పద తమ్ముడూ, ఇంకో చుట్టు వేద్దాం,” అంటూ, నేను వెనక నుంచి దిగేలోపే నాన్న తలుపు వేసేశాడు.