పొట్లం బిళ్లలు

“పాపా, మీయమ్మ ఏమేం బిళ్లలు మింగుతాంది? సంచి ఒక్కసారి చూపీమ్మా.”

ఇష్రత్ తలెత్తి చూసింది. మాసిన తెల్లచొక్కాలో ఎవరో ముసలాయన. ప్రొద్దుటూరులో ఆ ప్రైవేటు ఆసుపత్రి వార్డులో మంచం మంచానికీ పోయి అందరినీ ఇదే అడుగుతున్నాడు.

“నువ్వేమన్నా డాక్టరువా అప్పా?”

“కాదు.”

“మరి నీకేంటికి?”

ఆయన మంచానికి తగిలించిన మందుల చీటీని, మంచం మీదున్న ఆమె తల్లి అజ్మత్ బీని చూశాడు.

“గుండెకని నెత్తురు పల్చనయ్యే బిళ్ల ఇచ్చినారు గదా. కాళ్లనొప్పులకు ఊర్లోది ఏమన్నా ఇస్తాండావా?”

ఇష్రత్ దిండు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

తమ ఊరు చాపాడులో మందుల షాపులో కట్టించుకొచ్చిన నొప్పి బిళ్లల పొట్లం దిండు కిందే ఉంది. అవి పడితేగాని అమ్మీ మోకాళ్లు కదలవు. పొద్దున పక్క మంచం ఆమె దగ్గర అలాంటి పొట్లమే దొరికితే పెద్ద డాక్టరు వార్డంతా వినేలా తిట్టిపోశాడు. ఎందుకు వాడకూడదో మాత్రం చెప్పలేదు, మహానుభావుడు! నలుగురిలో ఆ మాటలు ఎవరు పడతారు?

“ఏమీ ఇయ్యలేదు.”

“నేను తిట్టను పాపా. ఆ రెండూ కలిస్తే కడుపులో నెత్తురు కారుతుంది. మనిషి దక్కదు.”

“థూ, నీ నోట్లో మన్ను పడ! డాక్టరే చెప్పలేదు, నువ్వొచ్చినావే చెప్పేదానికి!”

ఆ కేకకు వాచ్‌మన్ కమాల్ బాషా పరుగెత్తుకొచ్చి ముసలాయన రెక్క పట్టుకున్నాడు.

“పిచ్చోడు లేమ్మా. దినామూ ఇదే గోల.”

గడప దాటుతూ కూడా ఆయన “దాచొద్దు పాపా, దాచొద్దు” అంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నం అమ్మీ మూలిగితే ఇష్రత్ రెండు బిళ్లలిచ్చింది. మర్నాడూ ఇచ్చింది.

మూడోరోజు పొద్దున్నే అజ్మత్ బీ నెత్తురు కక్కుకుంది.

“వేరే మందులేమైనా ఇచ్చారా?” డాక్టరు అడిగాడు.

“లేదు సార్.”

నోరు అలా అనేసింది. నెత్తురు ఆగకపోయేసరికి పొట్లం తీసి ఇచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

అమ్మీ పోయిన నలభై దినాల ఫాతిహా అయ్యాక ఇష్రత్ మళ్లీ ఆ వార్డుకొచ్చింది. ఇన్నాళ్లూ కన్ను మూస్తే చాలు, ఆ ముసలాయన గొంతే వినిపిస్తోంది.

“ఆయప్ప యాడుంటాడక్కా? కాళ్లు పట్టుకోవాల” అని నర్సు హెప్సిబాను అడిగింది.

“సాలోమోను మామనా? మీయమ్మ పోయిన దినం మెట్ల మీద కూచోని శానా ఏడ్చినాడు. మళ్లా రాలేదు. యాడికి పోయినాడో ఎవురికీ తెలీదు.”

“ఆయప్పకు ఇవన్నీ ఎట్ల తెలుసక్కా?”

హెప్సిబా చేతిలోని మందుల ట్రే పక్కన పెట్టింది.

“మామ ఊర్లో ముప్పై ఏండ్లు సూదులేసినాడు, పొట్లాలు కట్టిచ్చినాడు. రెండేండ్ల కింద పెండ్లాం సుందరమ్మ ఇట్లనే నెత్తురు కక్కుకొని పోయింది. ఆ బిళ్లలెవురిచ్చినారని డాక్టరు ఎంత అడిగినా, మొగుని పేరు బయటపడతాదని ఆయమ్మా చెప్పలే, పక్కనే నిలబడుకోని మామా చెప్పలే.”