బుట్టమనిషి

పాత చర్చి వెనకగోడ దగ్గర ఎవరో ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

గోడ నిండా తూటాల గుంటలు. కింద రెండు సమాధులు. వాటి మీద పేర్లు లేవు.

“తాతా, తలుపులు మూసే వేళైంది. లేవండి,” అంది కొన్సోర్సియా. ఫిలిప్పీన్స్‌లోని పనాయ్ దీవి ఒడ్డున ఉన్న ఆ చర్చిని చూడవచ్చే వాళ్లకు కథంతా చెప్పేది ఆమే.

“వీళ్లెవరమ్మా?”

“పేర్లు తెలీవు తాతా. యుద్ధం రోజుల్లో జపాను వాళ్లతో పోరాడుతూ, కొండల్లోంచి దిగి మా ఊళ్లో తలదాచుకున్న కుర్రాళ్లు. జపాను సైనికులు ఊరందర్నీ ఈ చర్చిలోకి తోలారు. అమ్మ ఒళ్లో నేనూ ఉన్నా. అప్పుడొచ్చాడు ఒక ద్రోహి, మొహం కనపడకుండా తాటాకు బుట్ట బోర్లించుకుని. కళ్లకి రెండు కన్నాలు. ఈ ఇద్దర్నీ వేలెత్తి చూపించాడు. ఇక్కడే కాల్చేశారు.”

ముసలాయన సముద్రం వైపు చూశాడు.

“చూపించకపోతే అందర్నీ లోపలే పెట్టి తగలబెడతామన్నారు.”

“మీకెలా తెలుసు?”

“ఆ బుట్ట నా తలకే తగిలించారు.”

కొన్సోర్సియాకు ఒళ్లు భగ్గుమంది.

“ఏ మొహం పెట్టుకుని వచ్చావురా? నీ కడుపున పుట్టినవాళ్లయితే చూపించేవాడివా? పరాయి బిడ్డలు కాబట్టే ఆ వేలు లేచింది!”

ఆయన సమాధి మీద అరచెయ్యి ఆనించాడు.

ఆమె కేకలకు పక్కనున్న చేపల బజారంతా అక్కడికి పరుగెత్తుకొచ్చింది.

“బుట్టమనిషట! వీడేనట!”

ఒకావిడ చేపలు కడిగిన నీళ్లు గుమ్మరించింది. ఎవరో రాయి విసిరారు. తర్వాత అందరూ విసిరారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

“ఆ పిల్లల పేర్లు చెబుతా. రాయించమ్మా…”

“నీ నోటితో వాళ్ల పేర్లెత్తకు! ఫో!”

తెల్లారేసరికి బస్సుల షెడ్డులో శవమై ఉన్నాడు.

ఎవరూ దగ్గరకు పోలేదు. మన శ్మశానంలో జాగా ఇవ్వొద్దని అందరికంటే గట్టిగా అన్నది కొన్సోర్సియాయే.

మధ్యాహ్నం బస్సులో ఒకామె తండ్రిని వెతుక్కుంటూ వచ్చింది. శవాన్ని చూసింది. గుడ్డతో కాక, ఉత్త అరచేత్తో ఆయన మొహం మీది నెత్తురు తుడిచింది.

“మీ ఊరికి తీసుకుపో. ఇక్కడ జాగా లేదు,” అంది కొన్సోర్సియా.

ఆమె పోట్లాడలేదు. ఏడవనూ లేదు.

“శ్మశానం వద్దులే అక్కా. చర్చి గోడ దగ్గర కాస్త చోటిప్పించండి. మా అన్నయ్యలిద్దరి పక్కన నాన్నను పడుకోబెడతాను.”